పాదాల వైపు కుచ్చు

"లేచి కూర్చుందటే! జావ అడిగి మరీ తాగిందట! ఒకటి కాదు, రెండు గిన్నెలు!"

ఫిదెన్సియో గుమ్మంలోంచే కేక పెట్టాడు. ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన వేడి మొక్కజొన్న రొట్టెలు. పరుగున వచ్చినట్టున్నాడు. అరవై రెండేళ్ల మనిషి, మీసాల చివర్లు కూడా ఆయాసపడుతున్నాయి.

దొమితిలా లేవలేదు. ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లలో పది వేళ్లూ ముంచి, గోడకి జారబడి కూర్చుని ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు, పూర్తిగా చాచుకోవడమూ లేదు. మధ్యలో ఎక్కడో ఆగిపోయాయి.

"ఎవరు?" అంది. ఎవరో తెలుసు. పదమూడు రోజులుగా ఆ వీధి వీధంతా గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నది ఒక్క మనిషి గురించే.

"ఇంకెవరే, మీ హెర్మీనియా పెద్దమ్మ! రొట్టెల కొట్టు దగ్గర వాళ్ల కోడలు అంపారో కనిపించి చెప్పింది. పొద్దున డాక్టరు వచ్చి వీపు మీద గొట్టం పెట్టి విన్నాడట. గరగర పోయిందన్నాడట. ఈవిడ ఇంకో పదేళ్లు మీ అందర్నీ సతాయిస్తుంది, నాదీ పూచీ అన్నాడట."

దొమితిలా తడి చేత్తోనే సిలువ గుర్తు వేసుకుంది. ఉప్పునీళ్లు ఒక కంట్లో పడ్డాయి. ఆ కన్ను మండుతుంటే, రెండో కంట్లో నిజమైన నీళ్లు వచ్చాయి. సంతోషమే. జ్ఞానస్నానం నాడు తనని చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతల్లి, తొమ్మిదో ఏట పక్కన కూర్చోబెట్టుకుని ముడి వేయడం నేర్పిన గురువు, ఎనభై నాలుగేళ్ల మనిషి చావు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి వచ్చి జావ అడిగిందంటే సంతోషం కాక ఏమిటి?

ఆ సంతోషం గిన్నెలో వేళ్లు చల్లబడేంత సేపు కూడా నిలవలేదు.

"ఇంకో మాట కూడా చెప్పింది అంపారో," అన్నాడు ఫిదెన్సియో రొట్టెలు బల్ల మీద పెడుతూ. "ఆదివారం కృతజ్ఞతా పూజ చెప్పించారట. పెద్దమ్మ నడిచే వస్తుందట. మనం చేసిన రెబోసో కప్పుకునే వస్తుందట. ఇవాళ సాయంత్రం లోపల తెచ్చి ఇమ్మంది."

దొమితిలా మొగుడి ముఖంలోకి చూసింది. అతని నవ్వు నెమ్మదిగా జారిపోయింది.

"ఓయ్," అన్నాడు. "అవును కదూ. రెండో కొస."

*

ఆ రెబోసో, అంటే ఆడవాళ్లు తల మీద, భుజాల మీద కప్పుకునే పొడవాటి శాలువా, లోపలి గదిలో శుభ్రంగా ఉతికిన పిండి సంచి గుడ్డలో చుట్టి ఉంది. ఆ ఊళ్లో ముసలివాళ్లు తమకి చివరిసారి కప్పే రెబోసోని తామే చెప్పి చేయించుకుంటారు. హెర్మీనియా మూడేళ్ల కిందట స్వయంగా వచ్చి చెప్పింది. నల్లది కావాలి. మరీ బొగ్గులా కాదు, తేనె చుక్క కలిపినట్టు ఉండాలి. ఇనుప తుక్కు నానబెట్టిన నీళ్లలో ఫిదెన్సియో నూలు ముంచి తీస్తుంటే పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత దాల్చిన చెక్క, లవంగాలు, సోంపు, గులాబి రేకులు వేసి కాచిన కషాయంలో మళ్లీ ముంచాలి. ఆ వాసన ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.

"లవంగం తగ్గించు నాయనా," అంది ఆ రోజు హెర్మీనియా. "పంటినొప్పి గుర్తొస్తుంది. దాల్చిన చెక్క ఇంకాస్త వెయ్యి. చేరేదాకా పీలుస్తూ పోవాలి మరి, దారి ఎంత పొడుగో ఎవడు చూశాడు."

ఫిదెన్సియో మగ్గం మీద నేసి ఇచ్చాడు. నేత అయిపోయాక రెండు కొసల్లోనూ జానెడున్నర పడుగు వేలాడుతూ మిగులుతుంది. ఆ పోగుల్ని వేళ్లతో జతలు జతలుగా పట్టి, ముడి వేసి, మళ్లీ విడదీసి, పక్క జతతో కలిపి ఇంకో ముడి వేసి, వరస కింద వరస దింపుకుంటూ పోతే వజ్రాలూ పూలూ పిట్టలూ తేలతాయి. ఆ కుచ్చు కట్టడమే దొమితిలా పని, నలభై తొమ్మిదేళ్లుగా. రెబోసో చూసిన వాళ్లు నేతగాడి పేరు అడుగుతారు. కుచ్చు కట్టిన మనిషి పేరు అడిగిన వాళ్లు ఇప్పటిదాకా ఇద్దరు. వాళ్లలో ఒకరు తాగి ఉన్నారు.

మొదటి కొస ఆమె చలికాలంలో కట్టింది. రెండున్నర నెలలు పట్టింది. ముప్పై నాలుగు వరసలు, హెర్మీనియా నేర్పిన చిన్న వజ్రాలు, ఒక్కో వజ్రం మధ్యలో నువ్వుగింజంత సందు. ఆరుబయట ఎండలో కూర్చుని కట్టింది. ఒక్కో రోజు అయిదు వజ్రాలే అయ్యేవి, అయినా లేచేటప్పుడు దాన్ని చూసుకుని తనలో తనే నవ్వుకునేది. ఎవరికీ చెప్పలేదు గానీ, జీవితంలో అంత బాగా ఎప్పుడూ కట్టలేదనిపించింది.

రెండో కొస మొదలుపెట్టక ముందే హెర్మీనియా మంచం ఎక్కింది. ఊపిరితిత్తుల్లో చెమ్మ. పది రోజులు, మహా అయితే పన్నెండు అన్నాడు డాక్టరు. దొమితిలా చేతిలో ఉన్న మిగతా పనులన్నీ పక్కన పెట్టింది. రెండు రోజులు పద్ధతిగానే కట్టింది. మూడో రోజు లెక్క వేసుకుంటే ఇలా అయితే ఈస్టరు దాటిపోతుందని తేలింది. నాలుగో రోజు పోగుల జతలు లావు చేసింది. అయిదో రోజు వరసల మధ్య దూరం పెంచింది. ఏడో రోజుకి వజ్రాలు పోయి, చేపల వలలో ఉండేలాంటి కన్నాలు వచ్చాయి. మొత్తం పదమూడు వరసలతో ముగించేసింది.

ఎవరూ చూడరు కదా. చనిపోయిన మనిషికి కప్పేటప్పుడు ఒక కొస తల మీదుగా చెంప పక్కకి దింపుతారు. వచ్చిన వాళ్లంతా చూసేది, వంగి ముద్దుపెట్టుకునేది ఆ కొసనే. రెండోది పాదాల కిందికి మడిచేస్తారు. బాగా కట్టింది తలకి, ఇది కాళ్లకి. దొమితిలా తనకి తాను అలా నచ్చచెప్పుకుంది.

బతికున్న మనిషి రెబోసో కప్పుకుంటే రెండు కొసలూ ముందుకే వస్తాయి. గుండెల మీద, పక్కపక్కన.

*

"కొత్త రకం అని చెప్పు," అన్నాడు ఫిదెన్సియో చిక్కుడుగింజల్లో రొట్టె ముంచుతూ. "ఒక వైపు దట్టం, ఒక వైపు పల్చన. రాజధానిలో ఇప్పుడు అందరూ ఇలాగే కప్పుకుంటున్నారని చెప్పు."

"నువ్వు రాజధానికి ఎప్పుడు పోయావు?"

"మోకాలికి ఫోటో తీయించుకోవడానికి పోలేదూ?"

"ఆసుపత్రిలో ఎముకల ఫోటో తీయించుకుని వచ్చావు. అక్కడ రెబోసోలు ఎవరు కప్పుకున్నారు, నర్సులా?"

"పోనీ, నామీద తోసెయ్. మా ఆయన మగ్గం మీద పడుగు కొలత తప్పాడు, ఆ కొస పోగులు పొట్టివైపోయాయి అని చెప్పు. నన్ను ఆవిడ ఎలాగూ వెధవనే అనుకుంటుంది, ఇంకో మెట్టు దిగితే నాకేం నష్టం."

అంత అలసటలోనూ దొమితిలాకి నవ్వొచ్చింది. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఈ మనిషి దగ్గర ఇదొక్కటి ఎన్నడూ అరిగిపోలేదు. చేతులకి ఇప్పటికీ దాల్చిన చెక్క వాసన. రొట్టె ఒకటి చుట్టి ఆమె నోటికి అందించాడు, ఆమె వేళ్లు పట్టుకోలేవని తెలుసు కాబట్టి. ఆమె రెండు ముద్దలు తిని తల అడ్డంగా ఊపింది.

"కన్ను కనిపించదు కదే ఆవిడకి," అన్నాడు ఈసారి గొంతు తగ్గించి. "శుక్లాలు ముదిరిపోయాయి."

"ఆవిడ ఎప్పుడు కళ్లతో చూసింది?"

దొమితిలా తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు హెర్మీనియా ఆమె కళ్లకి గుడ్డ కట్టి ముడులు వేయించేది. కళ్లకి లోకంలో వంద పనులుంటాయే, వేళ్లకి ఇదొక్కటే పని, వాటిని చూడనివ్వు అనేది.

ఫిదెన్సియో లేచి ఆమె వెనక్కి వెళ్లి, ఊడిపోయిన గౌను నాడాలు ముడి వేసి ఇచ్చాడు. "ఈ వంకర ముడి చూసి ఆవిడ నిన్నేమీ అనదులే, నేను వేశానని చెప్పు," అన్నాడు. దొమితిలా మూట చంకలో పెట్టుకుని బయల్దేరింది.

*

మార్చి ఎండ. వీధి ఎత్తుకి పోయేకొద్దీ కాళ్లు రాళ్లకి అతుక్కుంటున్నట్టు ఉంది. మూటలోంచి వాసన వస్తూనే ఉంది, ఎవరో పక్కనే కాఫీ కాస్తున్నట్టు తియ్యగా. పదమూడు రోజుల్లో మొదటిసారి ఆమె ఆ వాసన నిజంగా పీల్చింది. ఎంత బాగుందో అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది.

మూలమీద కిరాణా కొట్టావిడ పలకరించింది.

"విన్నావా దొమితిలా? లేచిందట! దేవుడి దయ. నేను ఏడు కిలోల కాఫీ పొడి, ఒక బస్తా పంచదార తెప్పించి పెట్టాను, పోయాక చేసే తొమ్మిది రోజుల ప్రార్థనలకి సరిపోవాలని. ఇప్పుడు ఎవరు తాగుతారమ్మా అంత కాఫీ? సంతోషమేలే. సంతోషం కాదని నేను అన్నానా?"

"నువ్వేం అనలేదు."

"ఆదివారం అదే కప్పుకొస్తుందటగా? చూడాలి. తలవైపు కుచ్చు ఎంత బాగుందో అంపారో చెప్పింది నాకు. నేను ముందు వరసలోనే కూర్చుంటాను."

దొమితిలా తల ఊపి ముందుకి నడిచింది. మూట బరువెక్కింది.

హెర్మీనియా ఇంటి ముంగిట్లో కోడలు అంపారో తల మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. పదమూడు రోజులుగా నిద్ర లేని ముఖం. ముంగిట్లో మూడు కోళ్లు కాళ్లు కట్టేసి ఉన్నాయి.

"రా దొమితిలక్కా. కూర్చోమందామంటే కుర్చీ లేదు."

"ఏమైంది?"

"ఏమవుతుంది! పోతున్నానని అన్నీ పంచేసింది మహాతల్లి. కుర్చీ అటు వీధి మార్గరీతాకి. పొద్దున అడగడానికి పోతే దానికి పచ్చరంగు వేసేసుకుంది, ఇంకా ఆరలేదట. కోళ్లు నాలుగిళ్లకి ఇచ్చింది. మూడు తిరిగొచ్చాయి, నాలుగోది నిన్ననే పులుసైపోయిందట. పాపం వాళ్లు పులుసు తెచ్చి ఇచ్చారు. దువ్వెన కూడా ఇచ్చేసిందక్కా. నా దువ్వెనతో దువ్వుకుంటూ, పళ్లు లావని నన్నే తిడుతోంది." అంపారో గొంతు సగం నవ్వు, సగం ఏడుపు. "బతికింది. చాలు. నేను ఒక గంట పడుకుంటాను, నువ్వు వెళ్లి కూర్చో."

గదిలో హెర్మీనియా మంచం అంచున, వెనక రెండు దిళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. సగమైపోయింది. ముఖంలో ముక్కు ఒక్కటే పాత కొలతలో మిగిలింది.

"వాసన ముందే వచ్చింది, తర్వాత నువ్వు," అంది. "దగ్గరికి రావే."

దొమితిలా వంగి చెయ్యి ముద్దుపెట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. పొడిగా, తేలిగ్గా, ఎండు ఆకులా ఉన్నా వెచ్చగా ఉంది.

"ఎలా ఉంది పెద్దమ్మా?"

"ఎలా ఉంటుంది? బండి ఎక్కడానికి మూట కట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాను. బండి వచ్చింది, ఆగింది, నన్ను చూసింది, పోయింది. ఇప్పుడు మూట విప్పుకోవాలి. నాకు ఓపిక లేదే." ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. "మా ఆడపడుచుని క్షమించేశాను తెలుసా, ఫాదరు పాదాల మీద వాలినంత పని చేసి, ఆయన ముందు ఏడ్చి మరీ క్షమించాను. ఆదివారం అది గుడికొస్తుంది. ఇప్పుడు దాంతో మంచిగా మాట్లాడాలి. చావు కంటే ఇదెక్కువ పని. సరే, ఏదీ, ఇటివ్వు."

దొమితిలా మూట విప్పింది. నల్లటి గుడ్డ మంచం మీద పరుచుకుంది. ఆమె మంచి కొసని ఎంచి, ముసలామె ఒళ్లో పెట్టింది. రెండో కొస తన చేతిలోనే చుట్టుకుని ఉంచుకుంది.

హెర్మీనియా వేళ్లు ముడుల మీద నడిచాయి. మొదటి వరస ఎడమ నుంచి కుడికి, రెండో వరస కుడి నుంచి ఎడమకి, పొలం దున్నినట్టు. పదో వరస దగ్గర పెదాలు కదిలాయి. చివరికి వచ్చేసరికి ఆమె ముఖంలో దొమితిలా చిన్నప్పటి నుంచీ ఎదురుచూసి ఎన్నడూ చూడనిది ఒకటి కనిపించింది.

"నేను ఇలా కట్టలేదే ఎప్పుడూ," అంది హెర్మీనియా. "నా చేతిది కాదు ఇది. ఇంకా బాగుంది."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి దొమితిలా వారం రోజులు నేల మీద నడిచేది కాదు. ఇప్పుడు చేతిలోని రెండో కొసని ఒడి వెనక్కి జరిపింది.

"రెండో కొస ఇవ్వు."

అప్పుడు దొమితిలా చేసిన పని ముందుగా అనుకున్నది కాదు. గుడ్డని అటూ ఇటూ తిప్పింది, మడతలు చప్పుడయ్యేలా సర్ది, అదే మంచి కొసని మళ్లీ తెచ్చి ముసలామె చేతుల్లో పెట్టింది.

వేళ్లు మళ్లీ నడిచాయి. ఈసారి నిదానంగా. బయట కట్టేసిన కోడి ఒకటి గొణిగింది.

"మీ ఆయన మహా మనిషే," అంది హెర్మీనియా. "ఎడమ నుంచి పంతొమ్మిదో పోగు దగ్గర నూలు తెగితే అతుకు పెట్టాడు, బొడిపె తగులుతోంది. ఆ కొసలోనూ పంతొమ్మిదో పోగే, ఈ కొసలోనూ పంతొమ్మిదో పోగే. బొడిపె కూడా అదే."

దొమితిలా ముఖం కాలిపోయింది.

"నాకు వచ్చింది ఊపిరితిత్తుల జబ్బు," అంది హెర్మీనియా. "వేళ్లకేం రాలేదు. ఇవ్వు రెండోది."

ఇచ్చింది. గోడ వైపు చూస్తూ ఇచ్చింది.

ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. పదమూడు వరసలకి ఎంతసేపు పడుతుంది? ఒక కన్నంలోంచి హెర్మీనియా చూపుడు వేలు అవతలికి దూరింది. ఆ వేలిని అక్కడే ఉంచి అడిగింది.

"ఇది కాళ్ల దగ్గరికి, కదూ?"

"అవును, పెద్దమ్మా."

"అది తల దగ్గరికి."

"అవును."

"తల దగ్గరిది ఊరంతా చూస్తుంది. కిరాణా కొట్టుది చూస్తుంది, మా ఆడపడుచు చూస్తుంది. అబ్బ, దొమితిలా ఎంత బాగా కట్టిందీ అంటారు. తర్వాత మూత వేసేస్తారు. అందరూ కాఫీలు తాగి ఇళ్లకి పోతారు." వేలు కన్నంలోంచి బయటికి తీసింది. "లోపల కాళ్ల దగ్గర ఉన్నది నేనొక్కదాన్నే చూసేది. అంటే ఊరికోసం అది కట్టావు. నాకోసం ఇది కట్టావు."

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది, ముడి ఎక్కడ తప్పిందో చూపించినట్టు.

దొమితిలా దగ్గర జవాబులు ఉన్నాయి. దారి పొడుగునా కూడగట్టుకుంది. డాక్టరు చెప్పిన గడువు, వాచిన వేళ్లు, మబ్బు పట్టిన నాలుగు రోజులు, పొట్టి పడుగు. అవన్నీ పక్కన పెట్టింది. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

"అలిసిపోయాను పెద్దమ్మా," అంది.

"ఈ పదమూడు రోజులకా?"

"కాదు. అన్నిటికీ. పొద్దున లేస్తే వేళ్లు విడదీసుకోవడానికి అరగంట పడుతుంది. ఒక రెబోసో అయిపోతే గుమ్మంలో ఇంకోటి ఉంటుంది. కట్టిన కుచ్చుల్ని ఒకదానికొకటి ముడివేస్తే సముద్రం దాకా పోతాయేమో. నీది మాత్రం బాగా కట్టాలనుకున్నాను. తల దగ్గరిది కట్టేటప్పుడు సంతోషంగా ఉన్నాను, ఒట్టు." ఆగింది. ఇంతదాకా వచ్చాక మిగిలినది దాచడానికి కూడా ఓపిక లేదనిపించింది. "ఇంకోటి కూడా చెప్తాను, తర్వాత నన్ను గెంటెయ్యి. శనివారం పొద్దున, తొమ్మిదో వరస కడుతూ... ఈవిడ ఇవాళే పోతే బాగుండును, నేను ఇక్కడితో ఆపేయొచ్చు అనుకున్నాను."

హెర్మీనియా తల ఇటు తిప్పింది.

"పోయిన శనివారమా?"

"ఊఁ."

"పొద్దున ఎన్నింటికి?"

"ఏమో. పాలవాడు వెళ్లాక."

"నేనూ అప్పుడే అడిగాను దేవుణ్ని. ఇవాళ తీసుకుపో, దగ్గడానికి ఇంక ఓపిక లేదు అని." ముసలామె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని దొమితిలా గాభరాగా లేచింది. ఏడుపు కాదు, నవ్వు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వులోకి వచ్చింది. "ఇద్దరం ఒకేసారి అడిగినా ఇవ్వలేదు చూడు. ఎంత మొండివాడో!"

దొమితిలాకి నవ్వాలో వద్దో తెలియలేదు. నీళ్ల గ్లాసు అందించింది. హెర్మీనియా రెండు గుక్కలు తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ దొమితిలా వేళ్లని పట్టుకుంది. ఒక్కో కణుపునీ నొక్కి చూసింది, ఇందాక ముడుల్ని చూసినట్టే.

"బాగా వాచాయి."

"తగ్గుతాయిలే."

"తగ్గవు. నావి తగ్గాయా?" చెయ్యి వదల్లేదు. "కానీ ఇది ఇలా ఉండనివ్వనే. నా కాళ్ల మీద చేపల వల వేసుకుని నేను పోను."

"ఆదివారానికి ఎలా అవుతుంది పెద్దమ్మా? నాలుగు రోజులు..."

"ఆదివారం పాతది కప్పుకుంటాను, మోచెయ్యి దగ్గర చిరిగింది. అడిగిన వాళ్లకి కుచ్చు పూర్తి కాలేదని చెప్తాను. అబద్ధం కాదు కదా."

"అందరూ నన్ను అడుగుతారు. ఎందుకు పూర్తి కాలేదని."

"అడుగుతారు. నువ్వేం చెప్తావో నువ్వే చూసుకో. అది నేను మోయను."

దొమితిలా ముందు వరసలో కూర్చోబోయే కిరాణా కొట్టావిడని తలుచుకుంది. కళ్లు మూసుకుంది. తెరిచింది. సరే అంది.

"విప్పాలి మొత్తం," అంది హెర్మీనియా. "ఇంటికి తీసుకుపోయి ఒక్కదానివే విప్పుతూ కూర్చోకు, పోగులు తెంపుతావు. నీకు ఈ కొస మీద అసహ్యం పుట్టింది, అసహ్యంతో విప్పితే దారం నిలవదు. ఇక్కడే విప్పుదాం. నా వేళ్లు కట్టలేవు గానీ విప్పగలవు. నేను విప్పుకుంటూ పోతాను, తడి గుడ్డతో పోగులు సాగదీసి నువ్వు కట్టుకుంటూ రా."

"ఎన్ని నెలలు పడుతుందో..."

"నాకు పదేళ్లు ఇచ్చాడుగా డాక్టరు. ఏం చేసుకోను?"

దొమితిలా ఆ కన్నాల కుచ్చుని చూసింది. చిన్నప్పటి నుంచీ ఈవిడ ఎంత చెప్తే అంత కట్టింది. వ్యాపారులు ఎంత చెప్తే అంత కట్టింది. ఎవరితోనూ ఇంతే అని ఎన్నడూ అనలేదు.

"వారానికి రెండు వరసలే," అంది. "అంతకంటే నా వల్ల కాదు పెద్దమ్మా. వేళ్లు ఆగమంటే ఆ వారం ఒకటే. చిన్న వజ్రాలు అలా అయితేనే కడతాను, లేకపోతే కట్టను."

హెర్మీనియా కనుబొమలు లేచాయి. తొమ్మిదేళ్ల పిల్ల ఎదురు మాట్లాడినట్టు ఒక్క క్షణం చూసింది. తర్వాత గుడ్డని తన ఒళ్లోకి లాక్కుని, వాసన చూసి, మడత పెట్టడం మొదలుపెట్టింది.

"రెండు చాలా ఎక్కువ," అంది. "ఒకటిన్నర."

*

దొమితిలా ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఫిదెన్సియో మగ్గం ఆపి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఖాళీ చేతుల్ని చూశాడు, ముఖాన్ని చూశాడు.

"నామీద తోసేశావా?"

"లేదు."

"రాజధాని మాట?"

"లేదయ్యా."

"మరి ఏం చెప్పావే?"

"ఉన్నదే చెప్పాను." ఆమె అతని పక్కనే మెట్టు మీద కూలబడి చెప్పులు విడిచింది. అరికాళ్లు చల్లటి రాయి మీద ఆన్చితే ఎంత హాయిగా ఉందో. అతను జేబులోంచి నువ్వులద్దిన తీపి రొట్టె తీసి విరిచి పెద్ద ముక్క ఆమెకి ఇచ్చాడు. ఈసారి ఆమె మొత్తం తింది.

"రేపు తొమ్మిదింటికి పెద్దమ్మ దగ్గరికి పోతున్నాను," అంది చివరికి. "ఆవిడ విప్పుతుంది, నేను కడతాను. వ్యాపారి వస్తే ఈస్టరు దాటినా నా దగ్గర ఏమీ తయారుగా ఉండదని చెప్పు, గొడవ చేస్తే చెయ్యనీ. పొద్దున వెళ్లేటప్పుడు దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆగి, ఆదివారం ఆ రెబోసో రాదని, ఎందుకు రాదో కూడా, నేనే చెప్పేసి పోతాను. మధ్యాహ్నానికి చిక్కుడుగింజలు నువ్వే పొయ్యి మీద పెట్టుకో."